ఆ గడిలో ఎంత వేస్తారు?

దీపావళికి తారాజువ్వ వెలిగించే ఉంటారు. ఖాళీ సీసాలో పుల్ల నిలబెట్టి, వత్తి అంటించి, నాలుగడుగులు వెనక్కి పరుగెడతాం. సుయ్‌మంటూ లేస్తుంది. నిప్పురవ్వల తోక కనిపించేది కాసేపే. తోక ఆరిపోయాక కూడా జువ్వ పైకి పోతూనే ఉంటుంది. ఎక్కడో చీకట్లో ఠాప్‌మని పేలితే గానీ ఎంత ఎత్తుకెళ్లిందో మనకు తెలీదు.

ఇప్పుడో చిన్న ప్రశ్న. తోక ఆరిపోయింది, ఇంకా పేలలేదు. ఆ మధ్యలో పైకి దూసుకెళ్తున్న జువ్వను పైకి నెడుతున్న బలం ఏది?

ఏదీ లేదు. ఆ క్షణంలో దాని మీద ఉన్న బలాలు రెండే. ఒకటి భూమి ఆకర్షణ, రెండోది గాలి అడ్డు. రెండూ దాన్ని కిందికే లాగుతున్నాయి. అయినా అది పైకే పోతోంది!

'అదేంటి, పైకి పోవాలంటే ఏదో ఒకటి నెట్టాలి కదా' అనిపించిందా? అరిస్టాటిల్ అంతటివాడికే అలా అనిపించింది. విసిరిన రాయిని వెనక నుంచి గాలి నెట్టుకెళ్తూ ఉంటుందని చెప్పాడాయన. కదలిక ఉందంటే బలం ఉన్నట్టేనన్న ఆ నమ్మకాన్ని వదిలించుకోవడానికి లోకానికి దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. 1687లో న్యూటన్ 'ప్రిన్సిపియా' అచ్చయింది. అందులోని మూడు చలన నియమాలను మన పిల్లలు తొమ్మిదో తరగతిలో వల్లె వేస్తారు. అప్పజెప్పమంటే కామా కూడా పోకుండా అప్పజెబుతారు. కానీ బిళ్లంగోడు ఆడేటప్పుడు గాల్లో ఉన్న బిళ్ల మీద ఏయే బలాలున్నాయో బాణాలు గీయమనండి... కర్ర కొట్టిన దెబ్బ తాలూకు బలం ఇంకా బిళ్లలోనే ఉందన్నట్టు ముందుకో బాణం గీసేస్తారు.

మన పిల్లలనే అనడానికి లేదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజినీరింగ్ విద్యార్థులను పైకి ఎగరేసిన నాణెం మీద బలాలు గీయమన్నారు. చాలామంది ఇదే పొరపాటు చేశారని 1982లో ఆయన ప్రచురించారు. మార్కులు బాగా వచ్చే పిల్లలూ ఇందులో పడతారు. నియమం నాలుక మీద ఉంటుంది, నమ్మకం మాత్రం అరిస్టాటిల్ కాలంలోనే ఉంటుంది. ఈ రెంటినీ ఢీకొట్టించే ఉపాయం ఒకటుంది. రాకెట్టు ఎగరేయక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్కో, కంప్యూటర్లో ఎక్సెల్ షీటో చాలు.

నెబ్రాస్కా చెప్పుల కొట్టులోంచి...

ముందు అసలు రాకెట్టు సంగతి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే ఊరు. అక్కడ ఆర్విల్ కార్లైల్ అనే ఆయనకు చెప్పుల దుకాణం ఉండేది. బాణసంచా అంటే పిచ్చి. సోదరుడు రాబర్ట్‌కేమో బొమ్మ విమానాల సరదా. ఇద్దరూ కలిసి 1954లో అట్ట గొట్టం, తేలికపాటి చెక్క రెక్కలతో బుల్లి రాకెట్టు చేశారు. మోటారు కాలిపోయాక పారాచూట్ విచ్చుకుని అది మెల్లగా నేలకు దిగేది. 1957లో వైట్‌శాండ్స్ రాకెట్ కేంద్రంలో పనిచేస్తున్న జి.హ్యారీ స్టైన్ రాసిన వ్యాసం చదివి, కార్లైల్ తన రాకెట్లను ఆయనకు పంపాడు. ఆ ఏడాది అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించింది. ఇంకేముంది, అమెరికా కుర్రాళ్లంతా రాకెట్ల మీద పడ్డారు. ఇనుప గొట్టాల్లో మందు కూరి చేతులూ కళ్లూ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఫ్యాక్టరీలో తయారైన మోటారు, అట్టతో చేసిన ఒళ్లు, దూరం నుంచి బ్యాటరీతో వెలిగించే పద్ధతి... ఇలా 'మోడల్ రాకెట్టు' ఒక సురక్షితమైన ఆటగా స్థిరపడింది. వెర్న్ ఎస్టెస్ అనే ఆయన మోటార్లను యంత్రంతో తయారు చేయడం మొదలుపెట్టాక అది బళ్లలోకీ వెళ్లింది.

ఆ మోటారు మీద 'బి6-4' లాంటి ముద్ర ఉంటుంది. ఆ మూడు అక్షరాలే ఒక పాఠం. మోటారు మొత్తం ఎంత ఊపునివ్వగలదో 'బి' చెబుతుంది. ఒక్కో అక్షరం దాటితే ఆ గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. '6' అంటే సగటున ఆరు న్యూటన్ల బలంతో నెడుతుందని. '4' అంటే మోటారు ఆగాక నాలుగు సెకన్లు ఆగి పారాచూట్‌ను బయటికి నెడుతుందని. ఆ నాలుగు సెకన్లు ఎందుకు ఆగాలి? మోటారు ఆగినా రాకెట్టు ఇంకా పైకి పోతుంటుంది కాబట్టి! అంటే మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు మోటారు మీదే అచ్చేసి ఉందన్నమాట.

ఎనిమిది గళ్లు

కాగితం మీద ఎగరేద్దాం. లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు సర్దుకుందాం. మోటారుతో కలిపి రాకెట్టు 60 గ్రాములు, అంటే 0.06 కిలోలు. మోటారు 6 న్యూటన్ల బలంతో 0.8 సెకన్లు నెడుతుంది. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. అప్పుడు రాకెట్టు బరువు 0.6 న్యూటన్లు. రాకెట్టు లావు 25 మిల్లీమీటర్లు, అంటే మీ బొటనవేలి కంటే కాస్త లావు. ఈ సైజుకు గాలి అడ్డు ఎంతో తేల్చడానికి ఓ చిన్న సూత్రం సరిపోతుంది. వేగాన్ని వేగంతోనే గుణించి, వచ్చినదాన్ని 0.00022తో గుణించాలి. మందు కాలుతున్నకొద్దీ రాకెట్టు కాస్త తేలికవుతుంది. ఆ ఐదారు గ్రాములను ఇప్పటికి వదిలేద్దాం.

పేజీలో ఎనిమిది నిలువు గళ్లు గీయండి. కాలం, మోటారు బలం, బరువు, గాలి అడ్డు, ఫలిత బలం, త్వరణం, వేగం, ఎత్తు. ఒక్కో అడ్డ వరస అంటే సెకనులో పదో వంతు.

మొదటి వరస. పైకి 6, కిందికి 0.6. కదల్లేదు కాబట్టి గాలి అడ్డు సున్నా. ఫలిత బలం 5.4 న్యూటన్లు. దాన్ని 0.06తో భాగిస్తే త్వరణం 90. పదో వంతు సెకనులో వేగం సున్నా నుంచి 9కి పెరిగింది. ఎత్తు 45 సెంటీమీటర్లు. రెండో వరసకు వేగం 9 కాబట్టి గాలి అడ్డు మొదలైంది, కానీ 0.02 న్యూటన్లు కూడా లేదు. త్వరణం దాదాపు అంతే. వేగం 18, ఎత్తు 1.8 మీటర్లు. మూడో వరస, నాలుగో వరస... అంతే. రెండో నియమం ఇక్కడ పరీక్షలో రాసే వాక్యం కాదు. ఒక వరస నుంచి కింది వరసకు దిగే మెట్టు.

ఎనిమిదో వరస పూర్తయ్యేసరికి వేగం సెకనుకు 67 మీటర్లకు చేరుతుంది. గంటకు 240 కిలోమీటర్లన్నమాట! ఎత్తు 28 మీటర్లు, తొమ్మిదంతస్తుల మేడంత. గాలి అడ్డు చూడండి, ఒక న్యూటన్‌కు చేరింది. అంటే రాకెట్టు సొంత బరువు కంటే ఎక్కువ. గాలిని మనం లెక్కలో చులకనగా తీసేస్తుంటాం గానీ, అది రాకెట్టును భూమి కంటే గట్టిగా పట్టి లాగుతోంది.

ఇక తొమ్మిదో వరస. మోటారు ఆగిపోయింది. మోటారు బలం గడిలో ఎంత వేయాలి?

అసలు కథ ఇక్కడే. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కూతురు మా ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి పాసై పదిలోకి వెళ్తోంది. ఈ అధ్యాయం మీద బడిలో పెట్టిన యూనిట్ టెస్టులో దానికి ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి ఎనిమిది వరసలూ చకచకా నింపింది. తొమ్మిదో వరస దగ్గర ఆగి, కాసేపు పెన్ను కొరికి, మోటారు బలం గడిలో 2 వేసింది.

"రెండెక్కడిదే?" అన్నాను.

"మోటారు ఆగింది కానీ ఇంకా పైకి వెళ్తోంది కదా పిన్నీ. ఎంతో కొంత బలం మిగిలుండాలిగా!"

సరే, అలాగే కానీయమన్నాను. వరసలు నింపుకుంటూ పోయింది. రాకెట్టు దిగిరాదే! వేగం తగ్గడానికి బదులు మెల్లగా పెరిగి, సెకనుకు 80 మీటర్ల దగ్గర నిలబడిపోయింది. ఆ లెక్కన బొటనవేలంత అట్ట గొట్టం సుమారు ఇరవై ఒక్క నిమిషాల్లో వంద కిలోమీటర్ల ఎత్తు దాటేస్తుంది. అదే నవ్వింది. తర్వాత 2ను మెల్లగా తగ్గించి చూసింది. 1.5, 1, 0.5... "ఇలా కారిపోతూ ఉంటుందేమో" అంది. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో జాఁ బురిదాన్ అనే పండితుడు, విసిరిన వస్తువులో ఊపు నిండి ఉంటుందని, అదే దాన్ని ముందుకు తీసుకెళ్తుందని వాదించాడు. మా పిల్ల అరగంటలో అరిస్టాటిల్ నుంచి బురిదాన్ దాకా వచ్చింది. పర్లేదు, మంచి వేగమే!

"ఎంతెంత చొప్పున తగ్గించాలి? 1.5 తర్వాత 1 ఎందుకు, 1.2 ఎందుకు కాదు?" అని అడిగితే జవాబు లేదు. నెట్టే వస్తువు లేకుండా నెట్టుడు రాస్తే వచ్చే తంటా అది. ఏ అంకె వేసినా చెల్లుతుంది, ఏదీ నిలవదు. చివరికి విసుగొచ్చి సున్నా వేసింది. వేశాక ఫలిత బలం కిందికి 1.6 న్యూటన్లు వచ్చింది. త్వరణం కిందికి 27. వేగం 67 నుంచి 64కు తగ్గింది. కానీ ఎత్తు గడిలో... ఆ పదో వంతు సెకనులోనే రాకెట్టు ఇంకో ఆరు మీటర్లకు పైగా ఎక్కింది!

"అదెలా పిన్నీ? బలం కిందికి, రాకెట్టు పైకి?"

"వేగం గడిలో నువ్వు రాసిన సూత్రం చదువు."

"పాత వేగం ప్లస్... ఓ! పాత వేగం ఉంది కదా!"

పాత వేగం ఉంది. అంతే, మొదటి నియమం అంతా ఆ రెండు మాటల్లో ఉంది. బలం చేసేది పాత వేగానికి కొంత కలపడం, లేదా అందులోంచి కొంత కోయడం. బలం లేకపోతే పాత వేగం పై గడి నుంచి కింది గడికి అలాగే దిగుతుంది. దాన్ని ఎవరూ మోయక్కర్లేదు. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లితే స్ట్రయికర్ ఎందుకు జారిపోతూ ఉంటుందో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సంగతి, ఆ గడిలో సున్నా తానే స్వయంగా వేసుకున్నాక ఎక్కింది.

త్రిశంకుడి వరస

వరసలు సాగనివ్వండి. మోటారు నడిచింది 0.8 సెకన్లే. ఆ తర్వాత రాకెట్టు ఇంకో నాలుగున్నర సెకన్లకు పైగా ఎక్కుతూనే ఉంటుంది. శిఖరం చేరేసరికి ఎత్తు సుమారు 160 మీటర్లు. అందులో మోటారు ఎక్కించింది 28 మీటర్లు. మిగిలిందంతా పాత వేగం పుణ్యమే.

శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాన్ని టీవీలో చూసినవాళ్లు 'కోస్టింగ్' అనే మాట వినే ఉంటారు. మూడో దశ కాలిపోయాక, నాలుగో దశను వెలిగించేదాకా ఇంజను లేకుండానే రాకెట్టు సాగిపోతుంటుంది. చూస్తున్న మనకు గుండె ఆగినంత పనవుతుంది గానీ, 320 టన్నులతో నేల మీంచి లేచిన ఆ రాకెట్టుకూ మన 60 గ్రాములకూ పట్టిక ఒక్కటే.

శిఖరం దగ్గర ఇంకో వల ఉంది. పైకి వెళ్లడం ఆగి, కిందికి రావడం ఇంకా మొదలుకాని ఆ క్షణంలో వేగం సున్నా. మరి త్వరణం? పెద్దవాళ్లను అడిగినా చాలామంది సున్నా అనే అంటారు. పట్టికలో సున్నా వేసి చూడండి. కింది వరసలో వేగం సున్నాకు సున్నా కలుస్తుంది. ఆ కింద మళ్లీ సున్నా. రాకెట్టు 160 మీటర్ల ఎత్తున త్రిశంకుడిలా వేలాడుతూ ఉండిపోతుంది! విశ్వామిత్రుడు లేడు కాబట్టి అలా జరగదు. వేగం సున్నా అయినా బరువు గడిలో 0.6 ఉంది, త్వరణం కిందికి 10 ఉంది.

దీనికి సరిగ్గా తలకిందులైన వరస పారాచూట్ విచ్చుకున్నాక వస్తుంది. అడుగు వెడల్పు పారాచూట్ అయితే కాసేపటికి గాలి అడ్డు, బరువు సమానమవుతాయి. ఫలిత బలం సున్నా. అయినా రాకెట్టు సెకనుకు 4 మీటర్ల చొప్పున నిమ్మళంగా దిగుతూనే ఉంటుంది. శిఖరం దగ్గర బలం ఉంది, వేగం లేదు. ఇక్కడ వేగం ఉంది, బలం లేదు. నిమిషం కూడా పట్టని ఒక్క ప్రయాణంలో ఈ రెండూ దొరికే ఉదాహరణ పాఠ్యపుస్తకంలో బండీ-గుర్రం బొమ్మ కంటే నాకు బాగా నచ్చింది.

తేలికైతే ఎక్కువ ఎత్తుకా?

పట్టిక ఒకసారి తయారయ్యాక మజా మొదలవుతుంది. ద్రవ్యరాశి గడిలో 0.06 తీసి 0.03 వేయండి. ఎత్తు 160 నుంచి 220 మీటర్ల దాకా పెరుగుతుంది. సహజమే, తేలిక కదా! ఇంకా తగ్గించి 15 గ్రాములు చేయండి. ఇంకెంత పెరుగుతుందో అనుకుంటాం. తగ్గింది! 208 మీటర్ల దగ్గరే ఆగిపోయింది.

ఇదేం విడ్డూరం? దూదిపింజను ఎంత గట్టిగా విసిరినా నాలుగడుగులు పోదు, గులకరాయి పోతుంది. అదే ఇది. తేలికైన రాకెట్టు మోటారు ఉన్నంతసేపూ దూసుకెళ్తుంది, కానీ మోటారు ఆగగానే గాలి దాన్ని ఇట్టే ఆపేస్తుంది. పాత వేగాన్ని నిలుపుకోవాలంటే ఒంట్లో కాస్త సరుకుండాలి. దాన్నే పుస్తకంలో జడత్వం అంటారు. ఆ మాటకు 'బద్ధకం' అన్న ఒక్క అర్థమే మన బుర్రలో ఉండిపోయింది. నిజానికి 15 గ్రాముల రాకెట్టును చేయలేం. ఈ తరగతి మోటారు ఒక్కటే దాదాపు 18 గ్రాములుంటుంది. చేయలేనిదాన్ని కూడా ఎగరేసి చూడగలగడమే కాగితం రాకెట్టుతో ఉన్న సుఖం.

మూడో నియమం మాత్రం ఈ పట్టికలో అంత సులభంగా దొరకదు. మోటారు బలం గడిలో 6 అని మనమే వేశాం, అది ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు. ఇప్పుడు అడుగుదాం. 0.8 సెకన్లలో 6 గ్రాముల మందు కాలి వాయువుగా బయటికి పోతుంది. సెకనుకు 7.5 గ్రాములు. ఆ వాయువు సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కంటే రెట్టింపు దాటిన వేగంతో చిమ్ముతుంది. 0.0075ను 800తో గుణించండి. ఆరు! రాకెట్టు వాయువును వెనక్కి నెట్టింది, వాయువు రాకెట్టును ముందుకు నెట్టింది. బయటి గాలి ఊసే ఈ లెక్కలో లేదు.

ఈ చివరి ముక్క ఒక పెద్ద పత్రికకే తట్టలేదు. శూన్యంలో కూడా రాకెట్టు పనిచేస్తుందన్న రాబర్ట్ గొడార్డ్‌ను 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఎగతాళి చేసింది. నెట్టడానికి గాలి లేనిచోట రాకెట్టు ఎలా కదులుతుంది, హైస్కూలు చదువు కూడా లేదా ఈయనకు అన్న ధోరణిలో రాసింది. 1926 మార్చి 16న గొడార్డ్ ప్రపంచంలోనే తొలి ద్రవ ఇంధన రాకెట్టును రెండున్నర సెకన్లపాటు ఎగరేశాడు. పత్రిక సవరణ వేసింది మాత్రం 1969 జులై 17న. అపోలో-11 చంద్రుడి వైపు బయల్దేరిన మర్నాడు! గొడార్డ్ 1945లోనే పోయాడు పాపం.

ముందు చేత్తో, తర్వాతే మౌస్‌తో

ఇదంతా చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ లేదా? ఉంది. 'ఓపెన్‌రాకెట్' అని, ఉచితంగా దొరుకుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన శాంపో నిస్కానెన్ హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2009లో తన మాస్టర్స్ థీసిస్ కోసం తయారు చేశాడు. రెక్కలు, ముక్కు ఆకారం మౌస్‌తో గీసుకోవచ్చు. మోటారు జాబితాలోంచి ఎంచుకోవచ్చు. గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పొచ్చు. మీట నొక్కితే గ్రాఫ్ గీసిచ్చేస్తుంది. రాకెట్టు తిన్నగా పోతుందా, పిల్లిమొగ్గలేస్తుందా కూడా ముందే చెబుతుంది.

అద్భుతమైన పనిముట్టే. కానీ పిల్లల చేతికి మొదటే ఇవ్వొద్దని నా అభిప్రాయం. ఎందుకంటే అది తొమ్మిదో వరసలో సున్నా తానే వేసేసుకుంటుంది. 2 వేసే అవకాశం పిల్లకు ఇవ్వదు. గ్రాఫ్ అందంగా వస్తుంది, పాత నమ్మకం బుర్రలో భద్రంగా అలాగే ఉంటుంది. ముందు యాభై అరవై వరసలు చేత్తో నింపాలి. విసుగే! కానీ ఆ విసుగులోనే ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఒంటబడుతుంది.

ఇది నా సొంత పైత్యం కాదు. నోబెల్ బహుమతి గ్రహీత రిచర్డ్ ఫైన్‌మన్ కాల్టెక్‌లో 1961-62లో చెప్పిన ప్రసిద్ధ భౌతికశాస్త్ర పాఠాల్లో తొమ్మిదో అధ్యాయం తీసి చూడండి. న్యూటన్ నియమాలు చెప్పగానే ఆయన చేసిన పని పట్టిక గీయడమే. అడుగడుగునా అంకెలు వేస్తూ గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగేలా చేస్తాడు. ఈ అడుగడుగు పద్ధతికి ఆద్యుడు స్విట్జర్లాండ్‌కు చెందిన లియొనార్డ్ ఆయిలర్, 1768లో పుస్తకంలో రాసిపెట్టాడు. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరగడానికి ముందు, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను క్యాథరిన్ జాన్సన్ చేత్తో సరిచూస్తే గానీ బయల్దేరనన్నాడు. ఆవిడ మీటల యంత్రం ముందు కూర్చుని అంకె అంకె సరిచూశారు. లెక్క అలా చేసినవాళ్లకే కంప్యూటర్ ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

తప్పుతుందా అంటే, మన పట్టిక తప్పకుండా తప్పుతుంది. రాకెట్టు కాస్త పక్కకు వంగుతుంది, రంగు గరుకుగా ఉంటే గాలి ఇంకాస్త పట్టేస్తుంది. 160 అన్నది ఏ 130కో దిగొచ్చు. అమెరికాలో 2003 నుంచి హైస్కూలు, మిడిల్ స్కూలు పిల్లలకు జాతీయ స్థాయిలో రాకెట్ పోటీ ఒకటి జరుగుతోంది. రాకెట్టులో పచ్చి కోడిగుడ్డు పెట్టి పంపాలి. అడిగినంత ఎత్తుకే వెళ్లాలి, ఎక్కువ వెళ్లినా మార్కులు పోతాయి. అడిగినంతసేపట్లోనే దిగాలి, గుడ్డు పగలకూడదు. పిల్లలు ముందు సిమ్యులేషన్‌లో ఎగరేస్తారు, తర్వాత మైదానంలో. రెండు అంకెలకూ తేడా ఎందుకొచ్చిందని కొట్టుకుని, గాలి అడ్డు గడిలో అంకె సవరించి మళ్లీ ఎగరేస్తారు. ఆ కొట్టుకోవడంలోనే చదువంతా ఉంది.

మన దగ్గర ఆ రెండో సగం కష్టం. మందు దట్టించిన మోటారు పేలుడు పదార్థాల చట్టం కిందికొస్తుంది, పచారీ కొట్లో కొని బడి మైదానంలో ఎగరేసేది కాదు. తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇది చదివి మీవాడు అగ్గిపుల్లల మందు గోకి, టపాకాయలు విప్పి గొట్టంలో కూరుతుంటే మాత్రం వెంటనే ఆపించండి. స్పుత్నిక్ రోజుల్లో చేతులు పోగొట్టుకున్న అమెరికా కుర్రాళ్లు చేసిందీ అదే. దానికి బదులు కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బిరడా బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టే నీటి రాకెట్టు ఉంది. పెద్దవాళ్లు పక్కన ఉండి, అందరినీ దూరంగా నిలబెట్టి ఎగరేయొచ్చు. ఎత్తు కొలవడం కూడా తేలికే. 50 మీటర్ల దూరంలో నిలబడి, కోణమానినికి దారం, బరువు కట్టి, శిఖరం దగ్గర కోణం చూడాలి. సరిగ్గా 45 డిగ్రీలొస్తే ఎత్తు కూడా మీ కంటి మట్టానికి పైన 50 మీటర్లే. అక్కడ మందుకు బదులు నీళ్లు వెనక్కి పోతాయి. మిగతా పట్టికంతా అదే, తొమ్మిదో వరసలో వేయాల్సింది కూడా అదే.

ఇంట్లో పట్టిక సిద్ధంగా ఉంటే ఈ ఆదివారం ఇంకో పని చేయండి. రాకెట్టును మళ్లీ 60 గ్రాములు చేయండి. గాలి అడ్డు గడంతా సున్నా చేసి, గురుత్వ త్వరణం 10 తీసి 1.6 వేయండి. అదే అట్ట గొట్టం, అదే బుల్లి మోటారు, చంద్రుడి మీద. నడిచేది 0.8 సెకన్లే గానీ, దాదాపు యాభై సెకన్లు ఎక్కుతూనే ఉండి రెండు కిలోమీటర్ల దగ్గరికి చేరుతుంది. ఆ మధ్యలోనే, ఇంకా ఎక్కుతుండగానే, మోటారు మీద రాసి ఉన్నట్టే పారాచూట్ బయటికొస్తుంది. అది రాకెట్టును ఎంత బలంతో ఆపుతుందో, ఆ గడిలో ఎంత వేయాలో మాత్రం పిల్లలనే అడగండి.